పేరున్న బిందె

లింగస్వామి అట్లకాడ అడిగిన రోజున శేషారత్నానికి మొదటిసారి అనుమానం వచ్చింది.

అంతకుముందు ఇత్తడి చెంబు, స్టీలు బిందె, పళ్లేలు అడిగితే ఇచ్చింది. కాఫీ ఫిల్టరు అడిగితే కడిగి మరీ ఇచ్చింది. ఇడ్లీ రేకులు అడిగినప్పుడు, పోనీలే పాపం, పెళ్లాం ఊళ్లో ఉంది, తనే వండుకుంటాడు కాబోలు అనుకుంది. కానీ పిడి ఊడి, అంచు అరిగి, తనే ఎప్పుడో పారేద్దామనుకున్న అట్లకాడ కోసం ఒక మగవాడు మేడ దిగి వచ్చి గుమ్మంలో నిలబడితే ఏమనుకోవాలి?

"అమ్మా, జర అది ఇస్తరా? పొద్దుగూకేసరికి తెచ్చిస్త."

"ఎందుకయ్యా?"

"ఫొటో దీస్త."

"అట్లకాడకా?"

"మంచిగున్నదమ్మా."

మంచిగా ఉండటానికి అదేమన్నా పెళ్లికూతురా? పైకి ఏమీ అనకుండా ఇచ్చి పంపింది గానీ, ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

శేషారత్నం సంగతి ముందే చెప్పుకోవాలి. పాలవాడి పాలలో నీళ్లున్నాయని అందరూ అనుమానిస్తారు. ఆమె నీళ్లు లేని రోజున కూడా, ఇవాళ ఎందుకు లేవని అనుమానిస్తుంది. గ్యాసు బండని ఊపి చూస్తుంది, కొబ్బరికాయని ఊపి చూస్తుంది, వీలుంటే మనుషుల్ని కూడా ఊపి చూసేదే. అలాంటి మనిషి రెండేళ్లపాటు లింగస్వామిని ఏ అనుమానమూ లేకుండా మేడ మీద గదిలో ఉండనిచ్చిందంటే, అతని నడవడిక ఎలాంటిదో అర్థం చేసుకోవచ్చు.

ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో ఉంది. కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెప్పిన భర్త కట్టించిన ఇల్లు. స్లాబు వేసినప్పుడు ఇరవై రోజులు తెల్లవారుజామున లేచి ఇద్దరూ బిందెలతో నీళ్లు మోసి తడిపారు. ఆయన పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. కింద ముందుగదిలో ఆమె కర్రీ పాయింటు నడుపుతుంది. హాస్టళ్ల పిల్లలు అన్నం వండుకుని, పప్పూ వేపుడూ పులుసూ ఆమె దగ్గర పొట్లాలు కట్టించుకుపోతారు. ఆ ఇల్లే ఆమె కూడు, ఆ ఇల్లే ఆమె గౌరవం. అది పోతే తెనాలిలో అన్నయ్య ఇంటి వంటగదిలో ఓ మూల తప్ప ఆమెకు చోటు లేదు.

లింగస్వామిది నల్గొండ జిల్లాలో మోత్కూరు దగ్గర పల్లె. మొదట్లో పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు. ఇప్పుడు మనుషుల్ని మానేసి వస్తువుల్ని తీస్తున్నాడు. సబ్బులు, చెప్పులు, పచ్చడి సీసాలు, ఏ కంపెనీ ఏది పంపితే దాన్ని అందంగా తీసి ఇస్తాడు. కంపెనీ పంపిన కొత్త వస్తువుకు ఫొటో తీస్తే అర్థం ఉంది. నా కొంపలో పాత సామాను మీద ఇతని కన్నెందుకు పడింది? ఇదీ శేషారత్నం ప్రశ్న. అతన్నే అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే నిజం చెబుతాడని ఏమిటి నమ్మకం అని అడగలేదు.

అవి సకల జనుల సమ్మె రోజులు. రెండు వేల పదకొండు సెప్టెంబరు. బస్సులు డిపో దాటడం లేదు. బళ్లు మూతబడ్డాయి. హాస్టళ్లు సగం ఖాళీ అయి కూరలు మిగిలిపోతున్నాయి. బొగ్గు లేక పూటకోసారి కరెంటు పోతోంది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో జనం రోడ్డు మీదే వంటలు వండుకుని తింటున్నారు. లింగస్వామి కూడా రోజు విడిచి రోజు అక్కడికి వెళ్లి కూర్చుని వస్తున్నాడు. దాచుకోలేదు. "రాష్ట్రం వచ్చేదాక గింతే అమ్మా" అని నవ్వుతూ చెప్పాడు. ఆ మాట అంతకుముందూ చాలాసార్లు అన్నాడు, ఆమెకేమీ అనిపించలేదు. అట్లకాడ తరవాత అనిపించింది.

ఇక ఉండబట్టలేక, కూరగాయలు తరిగే అండాలమ్మ చేతికి గుత్తివంకాయ గిన్నె ఇచ్చి, ఇచ్చిరావడానికన్నట్టు మేడ మీదకి పంపింది. అండాలమ్మది దేవరకొండ వైపు. చూసింది చూసినట్టు చెప్పదు, నాలుగు పోపుగింజలు వేసి చెబుతుంది.

"అమ్మో, నీ స్టీలు బిందెకు తానం చేపిచ్చి నల్లగుడ్డ మీద కూసోవెట్టిండు. సుట్టూ తెల్ల అట్టలు. తను బోర్లవడి దానికి మొక్కుతున్నట్టే ఉన్నడు."

"ఇంకా?"

"పేర్లు దీస్తున్నడు."

"ఏం పేర్లే?"

"గిన్నెల మీద కొట్టించుకుంటరు గద. ఒక్కొక్క పేరు కాడికి కెమెరా దెచ్చి దగ్గరికెల్లి తీస్తున్నడు."

శేషారత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. ఏ తెలుగింట్లోనైనా గిన్నెల మీద పేర్లుంటాయి. పెళ్లికీ, గృహప్రవేశానికీ ఎవరిచ్చినా షాపులోనే పేరూ ఊరూ తారీకూ కొట్టించి ఇస్తారు. ఆ స్టీలు బిందె ఆమె కాపురానికి వచ్చేటప్పుడు తల్లి ఇచ్చింది. దాని మెడ కింద చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టిన అక్షరాలున్నాయి: చి.ల.సౌ. శేషారత్నానికి అమ్మ వేదవతి, తెనాలి, 14-5-80. ముప్పై ఏళ్లుగా రోజూ ఎత్తుతున్న బిందె మీద ఏం రాసుందో ఆమె మళ్లీ చదివిన పాపాన పోలేదు.

ఆదివారం నాడు మరిది వెంకట్రావు వచ్చాడు. ఊళ్లో ఆమెకున్న చుట్టం ఆయనొక్కడే. ఎల్‌బీ నగర్‌లో ఆఫీసు పెట్టి తుర్కయంజాల్ వైపు ప్లాట్లు అమ్ముతుంటాడు. ఎండయినా వానయినా నీలం సఫారీ, చంకలో తోలు సంచి. శేషారత్నం కాఫీతో పాటు తన అనుమానం కూడా అతని ముందు పెట్టింది.

అతను కాఫీ పక్కన పెట్టేశాడు. "వదినా, నువ్వు మరీ అమాయకురాలివి" అన్నాడు.

ఆమెని అలా అన్నవాళ్లు ఇంతవరకూ లేరు. విని కాస్త సంతోషించింది కూడా.

"గిన్నెల మీద ఏముంటుంది? పేరుంటుంది, ఊరుంటుంది, తారీకుంటుంది. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో, ఏ ఏడాది వచ్చారో అచ్చు గుద్దినట్టు ఉంటుంది. రేపు రాష్ట్రం వచ్చాక ఆ లెక్కే తీస్తారు. ఇంటి కాయితాలంటే లాకర్లో దాస్తావు. బిందెని ఎక్కడ దాస్తావు?"

ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. బిందె మీద పేరు చూసి ఇల్లు లాక్కునే ప్రభుత్వం భూమ్మీద ఎక్కడుంటుంది? కానీ ఆ రోజుల్లో ఆ సందులో ఎవరేం చెప్పినా నమ్మేట్టే ఉండేది. పక్కింటివాళ్లు గేటు మీద ఊరి పేరున్న పలకని ఊడదీసి మంచం కింద పెట్టుకున్నారు. ఎవరికీ ఏమీ జరగలేదు, జరుగుతుందని మాత్రం అందరికీ ఎవరో ఒకరు చెప్పారు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నాడు వెంకట్రావు. "నువ్వు మేడ మీద పెట్టుకుని కూరలు కూడా పెడుతున్నావు."

ఆ తరవాత మెల్లగా అసలు మాట తీశాడు. విజయవాడలో సాంబమూర్తి గారని ఒకాయన ఉన్నాడట. ఇలాంటి సమయంలో కూడా హైదరాబాదులో ఇల్లు కొనే ధైర్యం ఉన్నవాడట. ధర సగానికి సగం తగ్గుతుంది.

"సగానికా? మీ అన్నయ్య ప్రాణం పెట్టి కట్టిన ఇల్లయ్యా!"

"రేపు మొత్తం పోతే? శనివారం దాకా ఆలోచించుకో వదినా. నీ మంచికే చెబుతున్నా."

సోమవారం ఉదయం ఆమె మెట్ల కింద నిలబడి లింగస్వామిని పిలిచింది. తెనాలి నుంచి మా వాళ్లు వస్తున్నారు, గది కావాలి అంది. బస్సుల్లేవు, తెనాలి నుంచి ఎవరు ఎలా వస్తారని అతను అడగలేదు. ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు.

"సరే అమ్మా. ఆదివారం దాక టైమియ్యుండ్రి. బిందె ఒక్కటి నా కాడనే ఉన్నది. కరెంటు లేక ఫొటో కుదురుతలేదు. రెండు దినాల్ల ఇస్త."

ఆ 'సరే' కూడా ఆమెకి మింగుడుపడలేదు. ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడు? వచ్చిన పని అయిపోయిందేమో. బుధవారం ఉదయం సరూర్‌నగర్ రైతుబజారులో బెండకాయలు ఏరుతుంటే వెంకట్రావు ఫోన్ చేశాడు. విజయవాడలో ఉన్నాననీ, సాంబమూర్తి గారి ఎదురుగానే కూర్చున్నాననీ చెప్పాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులు సమ్మెలో ఉన్నాయి, ఇప్పటికి అగ్రిమెంటు కాయితం మీద సంతకం చాలన్నాడు. ఇంటికొచ్చేసరికి వసారాలో బిందె ఉంది. చింతపండుతో తోమినట్టుంది, తళతళలాడిపోతోంది. తను కూడా ఏనాడూ అంత శుభ్రంగా తోమలేదు. వేలిముద్రలు తుడిచేశాడేమోనని ఆమెకి మళ్లీ కొత్త అనుమానం పుట్టింది.

గురువారం నాడు ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. బిందె, రెండు పళ్లేలు, నాలుగు గ్లాసులు గోనెసంచిలో వేసుకుని స్టీలు షాపుల ముందు గిన్నెల మీద పేర్లు కొట్టేవాడి దగ్గరికి వెళ్లింది. ఇవన్నీ చెరిపెయ్యమంది. అతను సంచిలోకి చూశాడు, ఆమెని చూశాడు.

"నేను పేర్లు కొట్టేటోన్నమ్మా. చెరిపేటోన్ని కాదు. గివి ఎవలియి?"

శేషారత్నానికి ఒళ్లు మండిపోయింది. తన పేరు తను చెరిపించుకుంటుంటే దొంగసొత్తు అనుకుంటున్నాడు! వాడితో గొడవపడటానికి కూడా భయమేసి, హార్డువేరు షాపులో గరుకు కాగితం కొనుక్కుని ఇంటికొచ్చింది. పెరట్లో పీట వేసుకుని తనే రుద్దింది. పళ్లేలు తేలిగ్గానే అయ్యాయి. బిందె మీద అక్షరాలు లోతు. ముందు తారీకు పోయింది, తరవాత తెనాలి పోయింది. 'అమ్మ వేదవతి' దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి, అదీ రుద్దేసింది.

శుక్రవారం మధ్యాహ్నం లింగస్వామి దిగి వచ్చాడు. బిందెని ఇంకొక్కసారి, గంటసేపు ఇస్తే చాలన్నాడు. ఆమె తెచ్చి ఇచ్చింది. కావాలనే ఇచ్చింది. ఇప్పుడేం ఫొటో తీసుకుంటావో తీసుకో అన్న కసి ఉంది అందులో.

అతను బిందె తిప్పి చూసి వసారా మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"అమ్మా, గిదెవరు చేసిండ్రు?"

"నేనే. పాతబడిపోయాయని."

మేడ మీదకి వెళ్లి లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "నా కాడున్నయి. చూస్తరా?" అన్నాడు.

తెరంతా నిండిపోయి తల్లి పేరు కనిపించింది. ముగ్గు చుక్కల్లా ఒక్కొక్క చుక్కా విడివిడిగా, పక్క నుంచి పడిన వెలుగులో మెరుస్తున్నాయి. 'వే' దగ్గర ఉలి జారి పడిన గీత కూడా ఉంది. ఆ గీత చూసి తల్లి షాపువాడితో పోట్లాడటం ఆమెకి గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ అడగాల్సింది అప్పటికి అడిగింది.

"ఎందుకు తీశావయ్యా ఇవన్నీ?"

"స్టీలు కంపెనోళ్ల క్యాలెండరుకమ్మా. కొత్త గిన్నెను ఎవడన్న తీస్తడు. పేరున్న గిన్నెకు మొఖముంటది. చూసినోళ్లు, మా అమ్మ ఇచ్చింది గూడ ఇట్లనే ఉండె గద అనుకోవాలె." ఒక్కొక్కటే జరుపుతూ చూపించాడు. అట్లకాడ నల్లని నేల మీద చంద్రవంకలా ఉంది. కాఫీ ఫిల్టరు గోపురంలా ఉంది. తన వంటింట్లో ఇన్ని అందాలున్నట్టు శేషారత్నానికి తెలియదు. "ఇగ గివన్ని ఖరాబైనయి. స్టీలుతోని గదే పరేషాన్. ముంగటేమున్నా కడుపుల పట్టుకుంటది. బుధారం పొద్దుగాల కరెంటు లేక వసారల పెట్టి తీస్తుంటె, మీ మరిది గేటు కాడికొచ్చిండ్రు. ఫొటో నాశనమయింది."

"ఏ బుధవారం?"

"మొన్నటి బుధారమే. మీరు కూరగాయలకు వోయిండ్రు."

"ఏదీ, పెద్దది చెయ్యి."

అతను పెద్దది చేశాడు. బిందె బొజ్జలో గేటు విల్లులా వంగి ఉంది. గేటు ముందు నీలం సఫారీ, చంకలో తోలు సంచి. చేతిలో కొలిచే టేపు. టేపు రెండో కొస ఇంకొకతను ప్రహరీ గోడ చివర పట్టుకుని ఉన్నాడు, అతని చేతిలో చుట్టిన పెద్ద కాగితం ఉంది.

చూసి కూడా ఆమె మొదట ఫొటోనే అనుమానించింది. కంప్యూటర్లో ఎవరి తల ఎవరికైనా అంటిస్తారని విన్నది కదా. అండాలమ్మని కేకేసి, బుధవారం ఎవరొచ్చారని అడిగింది.

"మీ వెంకట్రావు సారొచ్చిండు. ఇంగొకాయనతోని గోడ కొలిసిండు. సున్నం వేపిస్తడట. అమ్మకు చెప్పకు, ఒక్కసారే చూసి ఖుషీ కావాలె అన్నడు" అంది అండాలమ్మ. "చెప్పద్దంటె చెప్పలే. నాకేమెరుక?"

విజయవాడలో సాంబమూర్తి గారి ఎదురుగా కూర్చుని ఫోన్ చేసిన మనిషి ఆ సమయానికి తన గేటు కొలుస్తున్నాడు. తను పైకి చూసుకుంటూ కూర్చుంది, గొయ్యి గుమ్మం ముందు తవ్వుతున్నారు.

శనివారం పదింటికి వెంకట్రావు అగ్రిమెంటు కాయితంతో వచ్చాడు. సాంబమూర్తి గారు రాలేదేమని ఆమె అడిగింది. ఆయనకి వీలు పడలేదు, సంతకం తను తీసుకెళ్తానన్నాడు.

"బుధవారం పొద్దున నువ్వెక్కడున్నావు?"

"విజయవాడలో. చెప్పానుగా వదినా."

"మరి నా గోడ కొలిచిందెవరు?"

లోపలి నుంచి అండాలమ్మ తొంగిచూసింది. వెంకట్రావు ఆమెని చూశాడు, వదినని చూశాడు, కాయితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది: సాంబమూర్తి గారనేవారే లేరు, కొనేది తనే, వెనక బిల్డరు ఉన్నాడు, అపార్టుమెంటు ప్లాను ఉంది. "ఎవడో బయటివాడు కొనే బదులు మన మనిషే కొంటే తప్పా? అన్నయ్య ఇల్లు మన చేతిలోనే ఉండాలనే..." అని నసిగాడు.

"ఉండాలనే సగం ధరకి అడిగావా? ఉండాలనే పడగొడదామనుకున్నావా?" "ఇల్లు అమ్మను. కాఫీ కలిపాను, తాగి వెళ్లు."

అతను తాగలేదు. గేటు కూడా వెయ్యకుండా వెళ్లిపోయాడు.

ఇల్లు నిలిచింది. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. లింగస్వామిని ఉండిపొమ్మని చెప్పాలి, అదేమంత పని, రేపు చెబుదాంలే అనుకుంది.

ఆదివారం పొద్దున్నే సందులోకి ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. శేషారత్నం మేడ మెట్లు ఎక్కేసరికి గదిలో గోడలు తప్ప ఏమీ లేదు. తెల్ల అట్టలన్నీ తాడుతో కట్టి ఉన్నాయి. నాలుగు సంచులు గుమ్మం దగ్గర వరసగా ఉన్నాయి.

"వెళ్లకయ్యా లింగస్వామీ. మా వాళ్లెవరూ రావడం లేదు."

"ఎరుకే అమ్మా. బస్సులేయి రానీకి?"

"మా మరిది ఏవేవో చెప్పాడు. నువ్వు పేర్లు తీసుకుని ఎవరికో ఇస్తావనీ, రేపు రాష్ట్రం వస్తే..."

లింగస్వామి చీపురు పక్కన పెట్టాడు.

"అండాలమ్మ చెప్పింది. రాష్ట్రం కావాలన్న. మీ ఇల్లు కావాలని ఎన్నడన్న అన్ననా? రెండేండ్లు మీ చేతికూర తిన్న. ఆయన్ని అడిగిండ్రు, నన్నొక్క మాట అడుగకపోతిరి."

"తప్పయిపోయింది. ఉండిపో నాయనా."

అతను వంగి నాలుగు సంచుల జిప్పులూ తీశాడు. బార్లా తెరిచి పెట్టాడు.

"జర చూస్కోండ్రి."

"ఛ, అదేం మాట! మూసెయ్యి."

"కోపంతోని కాదమ్మా. నేను వోయినంక ఇంగెవరన్న వచ్చి మీకేమన్న చెప్తరు. నా కండ్లతోని చూసిన అని మీరనొచ్చు."

శేషారత్నం చూడనంది. చూడనంటూనే ఆమె కళ్లు సంచుల్లోకి వెళ్లాయి. కెమెరా, నల్లగుడ్డలు, గ్లిజరిన్ సీసా, మడత పెట్టిన చొక్కాలు. చొక్కాల కింద ఏదో గుడ్డ చుట్టి ఎత్తుగా ఉంది. అదేమిటా అని ఆమె మెడ కొంచెం ముందుకి వంగింది. వంగిందని ఆమెకి తెలియనే లేదు. లింగస్వామికి తెలిసింది.

అతను గుడ్డ విప్పి చూపించాడు. లోపల ఫొటోలకి వాడే లైటు బల్బు ఉంది.

"అయిందా అమ్మా?"

ఆమె తల దించుకుంది. అతను జిప్పులు వేసి, ఒక్కొక్క సంచీ భుజాన వేసుకుని నాలుగుసార్లు మెట్లు దిగాడు. నాలుగుసార్లు ఆమె పక్క నుంచే వెళ్లాడు. ఉండిపొమ్మని మళ్లీ అనడానికి ఆమెకి నోరు రాలేదు.